ఇళయరాజాను తొమ్మిదేళ్లలో కుదించే లెక్క ఎక్కడ తప్పుతోంది

ఇళయరాజా గురించి ఒక మాట చాలాకాలంగా చేతులు మారుతూ తిరుగుతోంది. దాని సారం ఇది. ఆయన అసలు కాలం 1983లో 'సాగర సంగమం'తో మొదలై 1991తో అయిపోయింది. అంతకు ముందుదంతా నేర్చుకునే దశ. తెలుగుకు వచ్చినవి తమిళంలో వాడేసిన ట్యూన్లే. సింథసైజర్ పట్టుకున్నాక ఆర్కెస్ట్రా పోయింది. 1992లో ఎ.ఆర్. రెహమాన్ సంగీతంతో 'రోజా' రాగానే ఆయన పని ముగిసింది, ఆ తర్వాతవన్నీ పాతవాటి నీడలు. కావాలంటే జాతీయ అవార్డులు చూసుకోండి.

వినడానికి తీరుగా ఉంది కాబట్టే అందరూ పంచుకుంటున్నారు. పూర్తిగా నిలబడే వాక్యం మాత్రం ఇందులో ఒక్కటీ లేదు. కొన్నింట్లో కాస్త నిజం ఉంది, అదెంతో కూడా చెప్పుకుందాం.

"1983కి ముందు నేర్చుకునే దశ"

1976లో 'అన్నకిళి'తో తెరమీద పేరు పడేనాటికే ఆయన కొత్తవాడు కాదు. ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, సంగీత దర్శకుడు జి.కె. వెంకటేష్ దగ్గర గిటారిస్టుగా, సహాయకుడిగా ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన మనిషి. వయసు ముప్పై దాటింది. నేర్చుకోవడం ఎప్పుడో జరిగింది, తెర వెనకే జరిగింది.

1980లో వచ్చిన 'మూడుపని' ఆయనకు నూరో సినిమా. ఒక్క 1981నే తీసుకోండి. 'సీతాకోకచిలుక'లో 'మాటే మంత్రము', 'అమావాస్య చంద్రుడు'లో 'సుందరమో సుమధురమో' ఆ ఏడాదివే. రెండో సినిమాలో కథానాయకుడు చూపులేని వయొలిన్ కళాకారుడు. అంటే వయొలిన్ అక్కడ అలంకారం కాదు, పాత్రకు గొంతు. నేర్చుకునే దశలో ఉన్నవాడికి అప్పగించే పని కాదది.

ఇందులో నిజం ఏమిటంటే, 1983కి ముందు ఆయన నేరుగా తెలుగులో చేసిన సినిమాలు తక్కువ. 1977 'భద్రకాళి', 1978 'వయసు పిలిచింది' లాంటివి కొన్ని. మనం ఆయన్ని ఆలస్యంగా గమనించాం. మనం గమనించిన ఏడాదినే ఆయన చెయ్యి తిరిగిన ఏడాదిగా రాసుకున్నాం.

"తెలుగుకు మిగిలిపోయిన ట్యూన్లు"

అన్నిటికన్నా అన్యాయమైన మాట ఇదే. కాబట్టి ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. 'భద్రకాళి' తమిళంలో ముందే వచ్చిన సినిమా. 'చిన్ని చిన్ని కన్నయ్య' ట్యూన్ అక్కడిదే. 'ఇలాగే ఇలాగే సరాగమాడితే' పాటకూ తమిళ జోడు ఉంది. తొలి రోజుల్లో ప్రవాహం అటునుంచి ఇటే.

తర్వాత అది తిరగబడింది. 'సాగర సంగమం', 'అన్వేషణ', 'స్వాతిముత్యం', 'గీతాంజలి' తెలుగు కోసం, తెలుగు సాహిత్యంతో పుట్టి, ఆ తర్వాత డబ్బింగై తమిళానికి వెళ్లినవి. 'రుద్రవీణ'ను అదే 1988లో కమల్ హాసన్‌తో తమిళంలో మళ్లీ తీశారు. 'లలిత ప్రియ కమలం' ట్యూన్ ఇక్కడినుంచి అక్కడికి వెళ్లింది. తమిళ శ్రోతలు ఇప్పటికీ లలిత రాగానికి ఉదాహరణగా చెప్పుకునే ఆ పాటకు పుట్టినిల్లు తెలుగు.

ఈ పొరపాటు ఎక్కడ పుడుతుందో తెలుసుకుంటే ఎవరికి వారే సరిచూసుకోవచ్చు. ఇంటర్నెట్‌లో దొరికే పాటల జాబితాల్లో చాలావాటికి సినిమా విడుదలైన ఏడాది ఒక్కటే ఉంటుంది. తమిళంలో ముందు వచ్చి కొన్నేళ్లకు తెలుగులోకి డబ్బింగైన సినిమా కూడా తెలుగు విడుదల ఏడాది కిందే పడుతుంది. అలా ఒకే సంగీతం రెండు చోట్ల, రెండు వేర్వేరు ఏళ్లలో లెక్కకొస్తుంది. దశాబ్దాల లెక్క వేసేవాళ్లు ప్రతి పాట పక్కనా మూడు విషయాలు రాసుకోవాలి: మొదట ఏ భాషలో చేశారు, ఆ భాషలో ఎప్పుడు విడుదలైంది, తెలుగు రూపం నేరు చిత్రమా, రీమేకా, డబ్బింగా. డబ్బింగులను విడిగా తీసి పక్కన పెట్టాకే ఏళ్లు కూడాలి. అప్పుడు ఆకారమే మారిపోతుంది.

ట్యూన్ ఎక్కడిది అనేదాన్ని మించి, దాని చుట్టూ ఆయన ఏం కట్టారన్నది వినాలి. 1985 'అన్వేషణ'లో 'కీరవాణి' పాట పేరుకు తగ్గట్టు కీరవాణి రాగంలోదే. కర్ణాటక సంగీతంలోని డెబ్బై రెండు మూల రాగాల్లో, అంటే మేళకర్తల్లో, ఇరవై ఒకటోది: చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. ఇవే స్వరాలు పాశ్చాత్య సంగీతంలో హార్మొనిక్ మైనర్ స్కేల్. అందుకే ఈ రాగంలో కార్డులు, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు, వేసినా రాగం చెడదు. షడ్జమం మీద స-గ-ప కలిపితే మైనర్ కార్డు. మధ్యమం మీద మ-ద-స కలిపితే అదీ మైనరే. పంచమం మీద ప-ని-రి కలిపితే మేజర్ వస్తుంది. ఆ మేజర్ కార్డులోని నిషాదం షడ్జమానికి సరిగ్గా అరస్వరం కింద ఉండి, పాటను ఇంటికి లాగుతుంది. పాశ్చాత్య సంగీతం తెలిసినవాడికి హార్మొనీ వినిపిస్తుంది, కర్ణాటకం తెలిసినవాడికి రాగం వినిపిస్తుంది. ఇద్దరూ వింటున్నది ఒకే స్వరాలను.

ఇప్పుడు 'సాగర సంగమం'లోని 'ఓం నమశ్శివాయ' చూడండి. అది హిందోళం. అక్కడ రిషభం లేదు, పంచమం లేదు. పంచమం లేకుండా షడ్జమం మీద పూర్తి కార్డు కట్టలేరు. రాగంలో ఉన్న స్వరాలతోనే కుదిరే మూడు స్వరాల కార్డులు రెండే: మ-ద-స మైనర్, ద-స-గ మేజర్. కీరవాణిలో పనిచేసిన ఉపాయం ఇక్కడ పనిచేయదు. లేని స్వరాన్ని తెచ్చిపెడితే రాగం పోతుంది, తేకపోతే పాటకు కింద నేల ఉండదు. ఇలాంటి రాగంలో పాశ్చాత్య వాద్యాలను నడపాలంటే నిలువు కార్డులు తగ్గించి, ఒక వరుస మీద ఇంకో వరుసను అల్లాలి. ఆ కాలపు ఆయన పాటల్లో బేస్ గిటార్ ఊరికే తాళం కొట్టకుండా తన సొంత వరుస పాడుతున్నట్టు ఎందుకుంటుందో ఇక్కడ అర్థమవుతుంది. రెండేళ్ల తేడాలో, రెండూ తెలుగు చిత్రాల్లోనే, రెండు రాగాలు పెట్టిన రెండు వేరు సమస్యలివి. మిగిలిపోయిన ట్యూన్లు ఇచ్చేవాడు ఇంత దూరం ఆలోచించడు.

ఇంకోటి కూడా చేసి చూడండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏ పాటైనా మొదటి చరణం ముందు వచ్చే ఇంటర్‌లూడ్ (మాటల్లేని వాద్య సంగీతం), రెండో చరణం ముందు వచ్చే ఇంటర్‌లూడ్ పక్కపక్కన పెట్టి వినండి. మొదటిదాన్నే రెండోసారి వాడేయడం పరిశ్రమలో మామూలు సంగతి, సమయం కలిసొస్తుంది. ఆయన పాటల్లో ఎక్కువవాటికి రెండూ వేర్వేరుగా రాసి ఉంటాయి. నేరు తెలుగు చిత్రాల్లోనూ అంతే.

"సింథసైజర్ వచ్చి ఆర్కెస్ట్రాను మింగింది"

తేదీలు చాలు. సింథసైజర్‌నూ, ముందే నింపిన స్వరాలను తానే వాయించే సీక్వెన్సర్‌నూ ఆయన పెద్ద ఎత్తున వాడిన తమిళ చిత్రాలు 'పున్నగై మన్నన్', 'విక్రమ్' రెండూ 1986వి. 'నాయకుడు' 1987. 'రుద్రవీణ', 'స్వర్ణకమలం' 1988. 'గీతాంజలి' 1989. స్వర్ణయుగం అని వాళ్లే పేరు పెట్టిన కాలం మధ్యలోకి వచ్చిన యంత్రం ఆ యుగాన్ని ముగించిందనడం కుదరదు.

నిజం ఉన్నది మరోచోట. తొంభైల చివర నుంచి వచ్చిన కొన్ని రికార్డింగుల్లో తీగవాద్యాల బృందం పలచబడి, ఆ చోట కీబోర్డు శబ్దం వినిపిస్తుంది. అసలైన వయొలిన్ బృందంలో ప్రతి విల్లూ వెంట్రుకవాసి తేడాతో పడుతుంది, ఆ తేడాలోనే నిండుదనం ఉంది. కీబోర్డులో నిల్వ ఉంచిన నమూనా శబ్దంలో అన్నీ ఒకేసారి, ఒకే బరువుతో పడతాయి కాబట్టి చెవికి బల్లపరుపుగా తగులుతుంది. అది రికార్డింగ్ లోపం. రాసిన సంగీతం బలహీనపడిందా లేదా అన్నది వేరే ప్రశ్న. ఈ రెంటినీ కలిపేస్తే తీర్పు తప్పుతుంది.

"రోజాతో ముగిసింది"

'రోజా' విడుదల 1992 ఆగస్టు 15. తెలుగులో పరిస్థితి అప్పటికే మారింది. సంగీత దర్శకుల జంట రాజ్-కోటి 1988 నుంచే పెద్ద హీరోల సినిమాలు చేస్తున్నారు. సంగీత దర్శకుడు కీరవాణి చేసిన 'క్షణ క్షణం' 1991లోనే వచ్చింది, 'ఘరానా మొగుడు' 1992 ఏప్రిల్‌లో వచ్చింది. ఇద్దరి బాణీ వేరు, ఇద్దరూ తెలుగు నిర్మాతలకు దగ్గరగా అందుబాటులో ఉన్నవాళ్లు. తెలుగు పరిశ్రమ హైదరాబాద్‌లో స్థిరపడుతున్న రోజుల్లో ఇళయరాజా రికార్డింగులు చెన్నై ప్రసాద్ స్టూడియోలోనే సాగాయి. ఆయన నేరు తెలుగు చిత్రాలు తగ్గడానికి ఇవన్నీ కారణాలు. తమిళంలో జరిగినదాన్ని తెచ్చి తెలుగు చరిత్రగా చెప్పడం ఈ వాదన చేసిన మరో తప్పు. అదే 1992 జనవరిలో 'చంటి' పాటలు ఊరూరా మోగాయన్నది మరచిపోకూడదు.

తమిళంలో కూడా ఆ తేదీన తలుపేమీ మూసుకోలేదు. 'రోజా' వచ్చిన రెండు నెలలకు, దీపావళికి 'తేవర్ మగన్' వచ్చింది, మన 'క్షత్రియపుత్రుడు'. ఆ ఏటి ఉత్తమ సంగీతం జాతీయ అవార్డు రెహమాన్‌కు దక్కింది, అర్హమైనదే. ఆ ఏడాదే ఉత్తమ గాయనిగా ఎస్. జానకికి జాతీయ అవార్డు తెచ్చింది మాత్రం 'తేవర్ మగన్' పాట.

"తర్వాతవన్నీ నీడలు"

ఇక్కడ అంకెలు చూడాలి. 1980లో నూరో సినిమా. 1987లో 'నాయకుడు' నాలుగు వందలది. 1990లో 'అంజలి' ఐదు వందలది. వెయ్యోది 'తారై తప్పట్టై', 2016లో విడుదలైంది. అంటే మొదటి ఐదు వందలకు పద్నాలుగేళ్లు, తర్వాతి ఐదు వందలకు ఇరవై ఆరేళ్లు. 1980-87 మధ్య సగటున ఏడాదికి నలభైకి పైగా సినిమాలు. అన్ని సినిమాలు చేసిన కాలంలో హిట్లు ఎక్కువ కనిపించడం సహజం. అవకాశాల సంఖ్యను ప్రతిభ కొలతగా తీసుకుంటే, తక్కువ చేసిన ప్రతి ఏడూ పతనంలాగే కనిపిస్తుంది.

తగ్గిన కాలంలో ఏం చేశారో చూద్దాం. 1997 మలయాళ చిత్రం 'గురు'కు బుడాపెస్ట్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేశారు. 2000లో 'హే రామ్'. అందులో పాటలు అప్పటికే వేరే సంగీతంతో చిత్రీకరించేశారు. నటీనటుల పెదాల కదలిక, అడుగు, కెమెరా కోత ఏవీ మార్చడానికి లేదు. వాటికి అతికేలా కొత్త వరుసలు కట్టారు. మామూలుగా ట్యూన్ ముందు, చిత్రీకరణ తర్వాత. ఇక్కడ మొత్తం తలకిందులు. ఒక్క అక్షరం తెరమీద ఆలస్యమైనా ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. 'ఇలాగే ఇలాగే' రాసిన రోజుల్లో ఆయనకు ఎదురుకాని పరీక్ష ఇది. 2005లో వచ్చిన 'తిరువాసకం' తమిళ శైవ స్తోత్రాలకు చేసిన, సినిమాలతో సంబంధం లేని బృహత్ స్వరకల్పన. తెలుగులో 2011 'శ్రీరామరాజ్యం', దానికి నంది అవార్డు. 2025 మార్చి 8న లండన్‌లో ఆయన సింఫనీ ప్రదర్శన జరిగినప్పుడు వయసు 81.

ఇవన్నీ ఎనభైల పాటలతో సమానమని చెప్పడం లేదు. 1995 తర్వాత చేసిన తెలుగు పాటల్లో నోట నిలిచినవి తక్కువే. కానీ నీడ అంటే ముందున్నదాని ఆకారంలోనే ఉండాలి. ఇవి ఆ ఆకారంలో లేవు.

"అవార్డులే సాక్ష్యం"

సంగీతానికి ఆయన అందుకున్న జాతీయ అవార్డులు ఐదు: 1983 'సాగర సంగమం', 1985 'సింధుభైరవి', 1988 'రుద్రవీణ', 2009 'పళశ్శి రాజా', 2015కు గాను 'తారై తప్పట్టై'. ఈ వాదన చేసేవాళ్లు మొదటి మూడింటి దగ్గరే ఆగిపోతారు. ఆ మూడింట్లో రెండు తెలుగు చిత్రాలు. మిగిలిపోయిన ట్యూన్ల వాదన వాళ్లు చూపించే సాక్ష్యంతోనే పడిపోతుంది.

చివరి రెండూ నేపథ్య సంగీతానికి ఇచ్చినవి. 2009 సినిమాలకు పాటలకొకటి, నేపథ్య సంగీతానికొకటి విడివిడిగా ఇచ్చారు. ఎనభైల్లో ఆయన రీరికార్డింగ్‌కు, అంటే నేపథ్య సంగీతానికి, అలా విడిగా తూచే తక్కెడే లేదు. రెండున్నర గంటల సినిమాలో పాటలు పాతిక నిమిషాలుంటే రీరికార్డింగ్ సులువుగా దానికి రెట్టింపు. వెయ్యి అడుగుల రీలు దాదాపు పదకొండు నిమిషాలు నడుస్తుంది. దాన్ని చూసి, వాద్యం ముట్టుకోకుండా కాగితం మీద నేరుగా నొటేషన్ రాసి వాయిద్యకారులకు ఇవ్వడం ఆయన పద్ధతి. స్వర్ణయుగం జాబితాలు రాసేవాళ్లు ఈ పనిని అసలు లెక్కలోకే తీసుకోరు. 1989 'శివ'లో పాటలన్నీ తీసేసి చూసినా సినిమా నిలబడుతుంది, నేపథ్య సంగీతం తీసేసి చూడండి.

నేరు తెలుగు పాటల వరకే ఒక్క ఏడాది ఎంచుకోమంటే 1988. 'రుద్రవీణ', 'స్వర్ణకమలం', 'అభినందన' ఒకే ఏడాదివి. వాటి పక్కనే 'ఆఖరి పోరాటం', 'మరణమృదంగం'. సిరివెన్నెల సాహిత్యానికి ఒక తూకం, ఆత్రేయ మాటకు ఇంకో తూకం, మాస్ సినిమాకు మరో తూకం, అన్నీ ఒకే చేతినుంచి. నేపథ్య సంగీతానికైతే ఈ ఏడాది సరిపోదు, దానికి విడిగా ఇంకో జాబితా వేసుకోవాలి. అందులో 2003 తమిళ చిత్రం 'పితామగన్'కూ (మన 'శివపుత్రుడు') చోటుంటుంది.