వైష్ణోదేవి బిళ్ళకు 10 లక్షలు ఎవరూ ఇవ్వరు

వాట్సాప్‌లో మళ్ళీ అదే మెసేజ్ తిరుగుతోంది: “వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయల బిళ్ళ, ట్రాక్టర్ బొమ్మ నోటు, 786 నంబరు నోటు ఉంటే 10 లక్షలు. పాతదైతే ఇంకా ఎక్కువ. రిజర్వ్ బ్యాంకే కొంటుంది. ఫొటో పంపి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి.” ఈ ఫీజు కట్టి మా పిన్ని మోసపోయింది. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

వైష్ణోదేవి బిళ్ళ 2012లో ఆలయ బోర్డు పాతికేళ్ళ సందర్భంగా వచ్చింది. చలామణీ కోసం కూడా వేశారు, చిల్లరలో చాలామందికి దొరికింది. చేతులు మారి అరిగిన బిళ్ళకు లక్షలు పెట్టే సేకర్త ఉండడు. ట్రాక్టర్ నోటు ఇప్పటికీ చెల్లుతుంది. 786 నంబరంటే ఇష్టపడేవాళ్ళు కాస్త ఎక్కువిస్తారు, అంతే.

కొందరు బిళ్ళ మీద సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అరుదు అంటారు. అది మన హైదరాబాద్ టంకశాల గుర్తు. చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా.

ఇక “పాతదైతే ఎక్కువ” అన్న మాట. జనం ఎక్కువగా నమ్మేది దీన్నే. జగిత్యాల జిల్లా కోటిలింగాల దగ్గర శాతవాహనుల నాణేలు ఎన్నో బయటపడ్డాయి. దాదాపు రెండు వేల ఏళ్ళ నాటివైనా, అరిగిన మామూలు సీసపు నాణెం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. 1862 అని ఉన్న విక్టోరియా వెండి రూపాయిని ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే సంవత్సరంతో ముద్రించారు, కాబట్టి మామూలు రకానికి వెండి ధర మీద కొంచెమే ఎక్కువ వస్తుంది. అదే 1939 నాటి ఆరవ జార్జి రూపాయి దానికన్నా 77 ఏళ్ళు చిన్నది, అయినా ధర ఎన్నో రెట్లు ఎక్కువ, ఎందుకంటే మిగిలినవి చాలా తక్కువ. దానికి నకిలీలూ అంతే ఎక్కువ. ఎన్ని మిగిలాయి, ఎంత అరిగింది, కావాలనుకునేవాళ్ళు ఎందరు అన్నవే ధరను తేలుస్తాయి.

ఈస్టిండియా కంపెనీ వేసిందని చెప్పి అమ్మే, 1818 అని, రాముడో హనుమంతుడో ఉన్న రాగి ‘కంపెనీ అణా’ సంగతీ చెప్పాలి. కంపెనీ దేవుళ్ళ బొమ్మలే వేయలేదని కాదు. మద్రాసులో వేయించిన బంగారు వరహాల మీద వేంకటేశ్వరుడు, ఇద్దరు దేవేరులు ఉన్నారు. కానీ 1818 రామ, హనుమాన్ అణాలు కంపెనీ వేసినవి కావు, తర్వాతెవరో చేసి అమ్మినవి. బియ్యాన్ని లాగే మహిమ గల నాణెం అని నమ్మించి డబ్బు గుంజే ‘రైస్ పుల్లింగ్’ ముఠాలు చూపించేదీ ఇలాంటి బిళ్ళలనే. వాళ్ళ వలలో పడి పొలాలు అమ్ముకున్నవాళ్ళున్నారు. అది నాకు చాలా బాధగా ఉంటుంది.

రిజర్వ్ బ్యాంక్ కొంటుందన్నది పచ్చి అబద్ధం. తాము ఇలాంటి వ్యవహారాల్లో లేమని, ఎలాంటి ఫీజూ కమీషనూ అడగమని 2021 ఆగస్టు 4న అదే ప్రకటించింది. నిజంగా కొనేవాడు మీకు డబ్బిస్తాడు, మీ దగ్గర తీసుకోడు.

మీ తాతల పెట్టెలో నిజంగానే పాత నాణేలుంటే, ఒకరి మాట మీద అమ్మేయకండి. ఇద్దరు ముగ్గురు నాణేల సేకర్తలకు చూపించండి. అప్పటిదాకా అంచులు పట్టుకుని విడివిడిగా కాగితంలో చుట్టి పెట్టండి. చూపించే ముందు మెరవాలని చింతపండుతో తోమకండి. అలా తోమి మా పిన్ని ఒక మంచి రాగి నాణేన్ని పాడుచేసుకుంది.