పని చేసే కంప్యూటర్ ప్రమాదకరం

ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని కొందరు ఉత్తరాలు రాసుకుంటున్నారని, ఖర్చుల లెక్కలు చూసుకుంటున్నారని వినికిడి. చదువుకున్నవాళ్లే ఇలా ప్రవర్తించడం విచారకరం. కంప్యూటర్ ఉన్నది ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడానికి. ఎక్కించినది కాస్త కుదురుకుంటోందన్న అనుమానం రాగానే దాన్ని పీకేసి మరొకటి ఎక్కించడానికి. మిగతావన్నీ నడుమ దొరికే తీరికలో కాలక్షేపానికి చేసుకునేవి.

విండోస్ వాడేవారికి ఈ సూత్రం తమంతట తామే తట్టదు, పైనుంచి ఎవరో తరమాలి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలని షరతు. నిక్షేపంలా నడుస్తున్న యంత్రాలెన్నో అర్హత లేనివిగా మిగిలాయి. అలా వీధిన పడ్డవారిలో కొందరు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ గుమ్మం ముందు నిలబడి, 'ఏది వేసుకోమంటారు?' అని అమాయకంగా అడుగుతున్నారు. పదిమందిని అడిగితే పదిహేను జవాబులు వస్తాయి. జవాబు చెబుతుండగానే అయిదుగురు వేరే డిస్ట్రోకు, అంటే లినక్స్‌లోనే మరో రకానికి, మారిపోయి ఉంటారు మరి.

కొత్తగా వచ్చినవారికి ముందు వంశవృక్షం వినిపించడం మన ఆచారం. 1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి తానొక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, సరదాకే రాస్తున్నానని, అది పెద్దదేమీ కాదని ప్రకటించాడు. అదే లినక్స్. 2017 నవంబరు నుంచి ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్లూ ఆ సరదా మీదే నడుస్తున్నాయి. అక్కడ దాన్ని వారానికోసారి మార్చరట. పాపం, వాళ్లకు వాతావరణం అంచనా వేయడం వంటి చిల్లర పనులుంటాయి. 1993లో స్లాక్‌వేర్, డెబియన్ అనే డిస్ట్రోలు పుట్టాయి. డెబియన్ కడుపున 2004లో ఉబుంటు, దాని కడుపున 2006లో మింట్ పుట్టాయి. ఉబుంటు పొడ గిట్టనివారి కోసం నేరుగా డెబియన్ మీదే కట్టిన మింట్ ఒకటి విడిగా ఉంది. మనవడు తండ్రితో మాటలు మానేసి తాతగారింట్లో మకాం పెట్టినట్టు.

ఇన్నింటికీ తేడా ఏమిటని అడిగేవారు ఉంటారు. చాలా ఉంది. సాఫ్ట్‌వేర్ తెప్పించుకోవడానికి ఒకదాంట్లో ఏపీటీ అని కొట్టాలి, ఇంకొకదాంట్లో డీఎన్ఎఫ్ అని, మరొకదాంట్లో ప్యాక్‌మ్యాన్ అని. మూడూ వెళ్లి తెచ్చేది ఒకే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ను. అడుగున ఉండేది ఒకే కెర్నల్, అంటే యంత్రాన్ని నడిపే లినక్స్ గుండెకాయ. గోడచిత్రం మాత్రం పూర్తిగా వేరు. ఇంత తేడాను పట్టించుకోకుండా బతకడం మనస్సాక్షి ఉన్నవారికి సాధ్యమా? గ్నోమ్, కేడీఈ అనే రెండు డెస్క్‌టాప్ రూపాల తగాదా సంగతి నేను ఎత్తను. అది 1990లలో మొదలైంది, వాది ప్రతివాదులిద్దరూ ఇంకా ఆరోగ్యంగా ఉన్నారు.

ఇక అసలు క్రతువు. డిస్ట్రో మొత్తం ఇమిడి ఉండే ఐఎస్ఓ ఫైలును దించుకుని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. యంత్రాన్ని మళ్లీ ఆన్ చేసి, తయారీదారును బట్టి మారే ఏదో ఒక మీటను తెర వెలిగేలోగా టపటపా నొక్కాలి. పెన్‌డ్రైవ్ నుంచే మొత్తం సిస్టమ్ నడుస్తుంది కనుక, డిస్కును ముట్టుకోకుండా రుచి చూసి వదిలేయవచ్చు. ఆ సౌకర్యం పిరికివారి కోసం. మనం సరాసరి డిస్కును ముక్కలు చేసే పార్టిషన్ల తెరకు వెళతాం. రంగురంగుల పట్టీలుగా డిస్కు కనిపిస్తుంది. చిన్న ముక్క యంత్రాన్ని మేల్కొలిపే బూట్‌కు, పెద్దది సిస్టమ్ ఉండే రూట్‌కు, ఇంకొకటి మెమరీ చాలనప్పుడు ఆదుకునే స్వాప్‌కు. ఇంగితమున్నవారు సొంత ఫైళ్లుండే హోమ్‌ను విడి పార్టిషన్‌గా ఉంచుతారు, సిస్టమ్ ఎన్నిసార్లు మారినా ఫొటోలు, కాగితాలు భద్రంగా ఉంటాయి. 'మార్పులు డిస్కు మీద రాయబడతాయి, ఇక వెనక్కి తీసుకోలేరు' అన్న హెచ్చరిక దగ్గర ఒక్క క్షణం గుండె ఆగుతుంది. గుండె ఆగనివాడు ఈ మార్గానికి తగడు.

మునుపు ఇందులో మరింత పవిత్రత ఉండేది. ఎక్కించడం పూర్తయ్యాక వైఫై పనిచేసేది కాదు. వైఫై చిప్పును నడిపే చిన్న సాఫ్ట్‌వేర్, ఫర్మ్‌వేర్, ఇంటర్నెట్‌లో ఉండేది, ఇంటర్నెట్‌లోకి పోవాలంటే వైఫై కావాలి. ఇంతటి వేదాంతాన్ని ఉచితంగా బోధించిన సాఫ్ట్‌వేర్ లోకంలో మరొకటి లేదు. డెబియన్ వారు 2022లో ఓట్లు వేసుకుని మరీ దీన్ని పాడుచేశారు. 2023లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్ కూడా ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. ఆర్చ్ అనే డిస్ట్రో వారిదీ అదే వరస. ప్రతి ఆదేశాన్నీ చేత్తో కొట్టి ఎక్కించుకున్నవాడికే 'నేను ఆర్చ్ వాడుతున్నాను' అని అడగనివారికి కూడా చెప్పే హక్కు ఉండేది. 2021 నుంచి అడిగిన ప్రశ్నలకు జవాబిస్తే తానే ఎక్కించిపెట్టే స్క్రిప్టు అందులో భాగమైంది. హక్కు ఇప్పుడు అందరిదీ అయిపోయింది, చెప్పుకోవడానికి వినేవాళ్లే దొరకడం లేదు.

డెబియన్‌లో సంప్రదాయం పూర్తిగా చావలేదన్నది ఊరట. స్థిరమైన విడుదలలకు వారు ఒక యానిమేషన్ సినిమాలోని పాత్రల పేర్లు పెడతారు. అస్థిర శాఖకు మాత్రం ఎప్పుడూ ఒకటే పేరు, సిడ్. ఆ కథలో బొమ్మలను విరగ్గొట్టే పిల్లవాడు. ఇంత ముక్కుసూటి హెచ్చరికను చదివి, అర్థం చేసుకుని, సంతకం పెట్టినంత నిష్ఠగా సిడ్‌నే ఎక్కించుకునేవారు మనలో ఉన్నారు. వారికి నా నమస్కారం.

ఎక్కించిన వెంటనే చేయవలసిన మొదటి పని తెరను ఫొటో తీసి లోకానికి చూపడం. దానికోసం నియోఫెచ్ అనే ప్రోగ్రామ్ ఉండేది. ఆదేశాలు కొట్టే టెర్మినల్ కిటికీలో ఒక పక్క డిస్ట్రో చిహ్నాన్ని, రెండో పక్క కెర్నల్, ప్రాసెసర్, మెమరీ వివరాలను రంగుల్లో పేర్చేది. అందులో యంత్రం ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో చెప్పే వరుస ఒకటి ఉంటుంది. నిజమైన సాధకుడి ఫొటోలో ఆ అంకె నిమిషాల్లోనే ఉంటుంది, రోజుల్లో కనిపిస్తే పరువు తక్కువ. నియోఫెచ్ రాసినాయన 2024లో ఆ పని కట్టిపెట్టి, వ్యవసాయంలోకి దిగానని ఒక్క ముక్క రాసి పెట్టాడు. మన ఫొటోలన్నీ చూశాక ఎవరికైనా మట్టి మీదికి మనసు పోతుంది.

ఇక ప్రింటరు. ఇది మనకు కులదైవం లాంటిది. 1980 ప్రాంతంలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో లేజర్ ప్రింటరు ఒకటి కాగితాన్ని మింగి మొరాయించేది. సాఫ్ట్‌వేర్‌ను సరిచేద్దామంటే దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామ్ మూలపాఠం, ఇవ్వలేదని అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్‌కు ఒళ్లు మండింది. ఎవరైనా చదివి మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆలోచన వెనుక ఆ మంట ఉందని ఆయనే చెప్పుకున్నాడు. 1983లో స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. దాని సరుకు లినక్స్ కెర్నల్‌తో కలిసే డిస్ట్రోలు పుట్టాయి. అంటే ఇన్ని డిస్ట్రోలు, ఇన్ని తగాదాలు, ఇంత వంశవృక్షం ఇరుక్కున్న కాగితం చలవే.

అందుకే ఇంట్లోవాళ్లు 'ఒక్క పేజీ ప్రింట్ తీసిపెట్టు' అని వచ్చినప్పుడు విసుక్కోకూడదు. ఈ డిస్ట్రోకు ప్రింటరు కనబడటం లేదని, రాత్రికి వేరేది ఎక్కించి పొద్దున్నే తీసిస్తానని నిబ్బరంగా చెప్పాలి. చిక్కంతా ఏమిటంటే, ఈ మధ్య వస్తున్న డిస్ట్రోలు డ్రైవర్ల ఊసే లేకుండా ప్రింటరును తమంతట తామే వెతికి పట్టేస్తున్నాయి. మీరు మాట పూర్తి చేసేలోగా పక్క గదిలో కాగితం బయటికి వచ్చి పడినా ఆశ్చర్యం లేదు. అలాంటప్పుడు కంగారు పడవద్దు. కాగితం వాళ్ల చేతికి ఇచ్చి, తలుపు వేసుకుని, పెన్‌డ్రైవ్ తీయండి.