మందున్న రోజు మందు మానేసే క్రమశిక్షణ

తెలుగులో డాక్టర్ రాసిచ్చేదీ మందే, వైన్ షాపులో కొనేదీ మందే. పేరు ఒకటే అయినా ఈ రెండింటికీ అస్సలు పడదని కనిపెట్టి, అందులో ఒకదాన్ని నిర్దాక్షిణ్యంగా పక్కన పెట్టిన మహానుభావుడు మా చిన్నాయన. ఏదాన్ని పక్కన పెట్టాడో మీకు తెలిసే ఉంటుంది.

మొన్న ఆదివారం వరంగల్‌లో దావత్. రాత్రి తొమ్మిదిన్నరకి, క్వార్టర్ సగం అయ్యాక, కొలెస్టరాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్ షీట్ తీసి టక్కున ఒక గోలీ అరచేతిలోకి నొక్కాడు. ట్యూబ్‌లైట్ వెలుగులో దాన్ని చూశాడు, గ్లాసుని చూశాడు, నూనెలో తేలుతున్న బోటి ఫ్రైని కూడా ఒకసారి చూశాడు. "రెండు కలిస్తే లివర్ ఖరాబైతది బిడ్డా" అని గోలీని చొక్కా జేబులో వేసుకుని, గ్లాసు ఎత్తాడు. ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు.

చిన్న చిక్కల్లా ఏంటంటే, ఆ గోలీ ప్రభావం సగానికి తగ్గడానికే 20 నుంచి 30 గంటలు పడుతుంది. అంటే ఇవాళ్టి గోలీకి సెలవిచ్చినా నిన్న రాత్రిది ఇంకా డ్యూటీలోనే ఉంది, దాని ముందే ఈయన చీర్స్ కొడుతున్నాడు. అసలు లివర్ బాగున్నవాళ్లు ఎప్పుడో ఒకసారి ఒకటో రెండో చిన్న పెగ్గులు వేస్తే దానికోసం గోలీ మానక్కర్లేదనే డాక్టర్లు మామూలుగా చెప్తారు, దండిగా తాగేవాళ్ల లివర్‌తోనూ కండరాలతోనూ వాళ్ల భయమంతా. మితంగా అంటే పర్లేదన్నారు కదా అంటాడు చిన్నాయన. ఆ మితం లెక్క నేనే వేశాను. బ్రిటన్ వాళ్లు వారానికి 14 యూనిట్లు దాటొద్దంటారు, యూనిట్‌కి 8 గ్రాముల ఆల్కహాల్, మొత్తం 112 గ్రాములు. 42.8 శాతం ఉండే మన విస్కీ 180 మిల్లీల క్వార్టర్‌లో సుమారు 60 గ్రాములు ఉంటుంది, రెండో క్వార్టర్ అయ్యేసరికి వారం కోటా దాటేసినట్టే. "నేను వారానికి ఒక్కసారే తాగుత" అనే మాట అబద్ధం కాదు, ఏడు రోజులదీ ఆ ఒక్కసారే తాగేస్తాడంతే. అసలు ఎంత తాగినా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చిపారేసింది, కానీ పాపం వాళ్లని ఎవరూ దావత్‌కి పిలిచినట్టు లేరు.

మధ్యలో ఒక మాట. చిన్నాయన గోలీ స్టాటిన్ అనే మందుల జాతిది. మొదటి స్టాటిన్‌ని 1970ల్లో జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన బూజులోంచి తీశాడు. సారా పుట్టేది ఈస్టు వల్ల. బూజూ ఈస్టూ రెండూ శిలీంధ్రాలే, అంటే వరసకి చుట్టాలు. చుట్టాలన్నాక ఎలాగూ పడదు.

సోమవారం పొద్దున చిన్నాయనకి పిక్కలు పట్టేశాయి. రాత్రి డప్పు చప్పుడుకి ముప్పావుగంట తీన్‌మార్ ఆడిన సంగతి ఇంట్లో ఒక్కరికీ గుర్తు రాలేదు. "ఈ గోలీలతోనే నొప్పులు" అన్నాడు, ముందు రోజు గొంతు దిగని గోలీ గురించి. (స్టాటిన్‌తో కండరాల నొప్పులు నిజంగానే వస్తాయి, ఒళ్లు నొప్పులతో పాటు మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే, అక్కడ జోకుల్లేవు.) తర్వాత రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలోని ఒకరకం కొవ్వులు, 410 వచ్చాయి. ఆల్కహాల్ వాటిని పెంచుతుందని ల్యాబ్ కుర్రాడు చెప్పబోతే, "గోలీ పనిచేస్తలేదు, కంపెనీ మార్చాలె" అని తేల్చేశాడు. బ్రాండ్ మార్చమంటున్నది గోలీది, విస్కీది కాదు.

మంగళవారం చిన్నమ్మ ఆ చొక్కాని చూసుకోకుండా వాషింగ్ మెషీన్‌లో వేసింది. జేబులో గోలీ కరిగిపోయి చిన్న తెల్ల మరక మిగిలింది. ఆ చొక్కాకి మాత్రం ఇక కొలెస్టరాల్ రాదు.