హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్: ఆ వాట్సాప్ మెసేజ్‌లో నాలుగు మాటల్లో ఏదీ పూర్తి నిజం కాదు

హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ అంటే మీరు నివసించే సొంతింటికి ఆస్తి పన్నులో ఇచ్చే మినహాయింపు. దాని గురించి టెక్సస్‌లో ఇల్లు కొన్న తెలుగువాళ్ల మధ్య ఒక మెసేజ్ తిరుగుతోంది: “హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ క్లోజింగ్ (కొనుగోలు పూర్తయ్యే) రోజే టైటిల్ కంపెనీ వేసేస్తుంది. హెచ్1బీ వాళ్లకి రాదు. ఏప్రిల్ 30 దాటితే ఆ ఏడాది పోయినట్టే. ఒకసారి వస్తే ఇక చూడక్కర్లేదు.” దీన్ని నమ్మి ఊరుకుంటే పోయేది చిన్న మొత్తం కాదు. 2025 నుంచి స్కూల్ పన్ను (ఆస్తి పన్నులో స్కూళ్లకు వెళ్లే భాగం) లెక్కలో ఇంటి విలువలోంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు. మీ స్కూల్ రేటు 100 డాలర్లకు 1.10 అయితే ఏడాదికి 1,540 డాలర్లు మిగులుతాయి.

ముందు వీసా మాట. టాక్స్ కోడ్ 11.13 చూసేది రెండే: ఇల్లు మీ పేరున ఉందా, మీరు నివసించే ముఖ్య నివాసం అదేనా. దీనికి వేసే అప్లికేషన్, ఫారం 50-114లో పౌరసత్వం గడి లేదు. అప్లికేషన్లు తిరిగొచ్చేది వీసా వల్ల కాదు, డ్రైవర్ లైసెన్స్ మీద పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ ఉండటం వల్ల. ఇల్లు మారిన 30 రోజుల్లో లైసెన్స్‌లో అడ్రస్ మార్చుకోవాలన్నది ఎలాగూ నియమమే. ముందు ఆ పని చేసి, కొత్త కార్డు కాపీ జతచేయండి. ఇల్లు ఎల్‌ఎల్‌సీ (కంపెనీ) పేరున కొన్నా, అద్దెకిచ్చి వేరేచోట ఉంటున్నా మాత్రం నిజంగానే రాదు.

ఇంటి కొనుగోలు కాగితాలు చూసే టైటిల్ కంపెనీ చేసేది డీడ్ (యాజమాన్య పత్రం) రికార్డు చేయించడం. ఎగ్జెంప్షన్‌కి మీరే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో (పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే ఆఫీసులో) అప్లికేషన్ వేయాలి, అదీ ఉచితంగా. “మీ హోమ్‌స్టెడ్ నమోదు చేస్తాం” అంటూ ఫీజు అడిగే ఉత్తరాలు ఇంటికొస్తాయి, పైసా కట్టకండి. ఫ్రిస్కో ఊరు కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింటిలోనూ ఉంది, కాబట్టి మీ ఇల్లు ఎటు పడుతుందో చూసి ఆ డిస్ట్రిక్ట్‌కే పంపండి. కొన్ని వారాలయ్యాక డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో మీ అడ్రస్ వెతికి, ఎగ్జెంప్షన్ల దగ్గర హోమ్‌స్టెడ్ ఎక్కిందో లేదో చూసుకోండి. ఎక్కితే లోన్ కంపెనీకి చెప్పి ఎస్క్రో (పన్ను కోసం వాళ్లు నెలనెలా మీ దగ్గర తీసుకునే సొమ్ము) మళ్లీ లెక్కకట్టించండి. లేకపోతే నెలనెలా కట్టే మొత్తం పాత లెక్కలోనే సాగుతుంది.

గడువు సంగతి: ఏప్రిల్ 30 మామూలు గడువే. కానీ దాటినా తలుపు మూసుకోదు. ఆ ఏడాది పన్ను బకాయిగా మారే తేదీ, అంటే సాధారణంగా మరుసటి ఫిబ్రవరి 1, అక్కణ్ణుంచి 2 ఏళ్ల వరకు లేట్ అప్లికేషన్ తీసుకుంటారు. పన్ను అప్పటికే కట్టేసి ఉంటే తేడా రీఫండ్‌గా వస్తుంది. అంతేకాదు, 2022 నుంచి జనవరి దాకా ఆగే పనీ లేదు: పాత యజమానికి ఆ ఏడాది ఇదే ఎగ్జెంప్షన్ లేకపోతే, కొని దిగిన రోజు నుంచే మీకు వర్తిస్తుంది. బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొన్నవాళ్లు చాలామంది ఈ కోవలోకే వస్తారు.

ఎగ్జెంప్షన్‌తో పాటు వచ్చే ఏటా 10 శాతం పరిమితి గురించి కూడా ఒక మాట. అది పన్ను లెక్కలో ఇంటి విలువ పెరుగుదల మీద పరిమితి, పన్ను బిల్లు మీద కాదు. ఎగ్జెంప్షన్ వచ్చిన ఏడాదే అమల్లోకి రాదు, తర్వాతి ఏడాది నుంచే.

మెసేజ్‌లోని చివరి మాట, “ఇక చూడక్కర్లేదు” అన్నది, సగం నిజం: ఏటా మళ్లీ వేయక్కర్లేదు. కానీ 2023లో వచ్చిన చట్టం ప్రకారం కనీసం 5 ఏళ్లకోసారి డిస్ట్రిక్ట్ ప్రతి హోమ్‌స్టెడ్‌నూ తనిఖీ చేయాలి. మీరింకా అక్కడే ఉంటున్నారా అని ఉత్తరం వస్తే, ప్రకటన కాగితమనుకుని పారేయకుండా అందులోని గడువులోగా జవాబివ్వండి. జవాబు లేకపోతే ఎగ్జెంప్షన్ తీసేయొచ్చు.