నాలుగో ర్యాంకు వెనక కుంచం, కాటా

"ప్రపంచంలో సమానత్వం ఎక్కువగా ఉన్న దేశాల్లో మనది నాలుగో స్థానం. అంటే వృద్ధి ఫలాలు పేదలకు అందినట్లే." 2025 జులై నుంచి ఈ సందేశం నా ఫోనుకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. దీనికి ఆధారం ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 25.5 గిని సూచీ. అసమానతకు ఇదో కొలత: సున్నా అంటే అందరికీ సమానం, వంద అంటే అంతా ఒక్కరిదే. అంకె నిజమే, దానితో కట్టిన వాదనే నిలవదు.

మొదట ఆ ర్యాంకు సంగతి. స్లొవేకియా, స్లొవేనియా, బెలారుస్ తర్వాత మనమేనట, అమెరికా 41.8తో ఎక్కడో వెనకుందట. మన 25.5 కుటుంబాల ఖర్చులను బట్టి కట్టినది, అమెరికాది ఆదాయాలను బట్టి. మన ధాన్యాన్ని కుంచంతో కొలిచి, వాళ్ల ధాన్యాన్ని కాటా వేసి, అంకెలు పక్కపక్కన రాసినట్లుంది. ఆదాయ గిని 2004లో 52 ఉండగా 2023కు 62కు చేరిందన్న ప్రపంచ అసమానతల డేటాబేస్ అంచనా కూడా 25.5 ఇచ్చిన ఆ ప్రపంచ బ్యాంకు పత్రంలోనే ఉంది. సందేశం రాసినవారి కంటికి అది ఆనలేదు.

ఖర్చుల లెక్కతో ఇంకో చిక్కుంది. కూలి కుటుంబం వడ్డీకి తెచ్చి ఆపరేషన్ చేయిస్తే ఆ ఏడాది వారి 'వినియోగం' పెరిగినట్లే. పక్క వీధి ఆసామి అదే ఏడాది కొన్న రెండు ప్లాట్లు మాత్రం వినియోగంలోకి రావు!

"గిని 28.8 నుంచి 25.5కు తగ్గింది కదా?" అంటారు. ఆ అంకెలకు మూలమైన కుటుంబాల ఖర్చుల సర్వే పద్ధతి 2011-12కూ 2022-23కూ మధ్య మారింది. అసమానత తక్కువగా కనిపించి ఉండవచ్చని బ్యాంకే హెచ్చరించింది.

"కడు పేదరికం 2.3 శాతానికి పడిపోయింది." దీనితో నాకు పేచీ లేదు. కాకపోతే అది రోజుకు 2.15 డాలర్ల గీత, అదీ మారకం రేటుతో కాదు, దేశాల ధరల తేడాను సర్దిన కొనుగోలు శక్తి లెక్కన. గీతను 3.65కు జరిపితే అదే 2022-23లో 28.1 శాతం మంది దాని కిందే ఉన్నారు.

మరి ఎలా కొలవాలి? అట్టడుగువారి ఖర్చు ఎంత పెరిగిందో, సగటు ఎంత పెరిగిందో ఒకే పద్ధతిలో చూడాలి. ఆ ఖర్చుల సర్వే ప్రకారం గ్రామాల్లో అడుగు 5 శాతం మంది తలసరి నెల ఖర్చు, ఉచితంగా వచ్చినవి కలపకుండా, 2022-23లో 1,373 రూపాయలు. తిండి, సబ్బు, మందులు, బస్సు చార్జీ అన్నీ కలిపి రోజుకు 46 రూపాయలన్నమాట. మరుసటి ఏడాది అది 1,677 అయింది, అంటే 22 శాతం పెరుగుదల. గ్రామీణ సగటు 3,773 నుంచి 4,122కు, 9 శాతమే పెరిగింది. ధరల పెరుగుదల తీసేయలేదు, పైగా ఒక్క ఏడాది ముచ్చట. అయినా వాళ్ల వాదనకు కాస్తయినా పనికొచ్చే అంకె ఇదే. ర్యాంకు మోజులో దాన్నే వదిలేశారు.