పడవ లేదని ధ్రువీకరణ

మొన్న రాత్రి వానకు హన్మకొండలో నయీంనగర్ నాలా సమీపంలోని మా వీధి మోకాలి లోతున మునిగింది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసి, ఆ వారంలోనే భద్రకాళి చెరువు కట్టకు గండి పడినప్పటి నుంచి, మబ్బు పట్టిందంటే మా వీధివాళ్లు ముందు బండ్లను ఎత్తుకు చేర్చి, ఆ వెంటనే ఫోన్లలో జోకులు మొదలుపెడతారు. ఏడవలేక నవ్వడమే కావచ్చు గాని, కరెంటు లేని రాత్రి ఆ నవ్వే లేకపోతే తెల్లవారదు.

నేనూ హాల్లో తేలుతున్న నీలం రంగు ప్లాస్టిక్ టబ్బును ఫోటో తీసి, "కాకతీయుల గొలుసుకట్టు చెరువులలో చివరిది మా హాలు. బోటింగు టికెట్టు 50 రూపాయలు, లైఫ్ జాకెట్టు మీరే తెచ్చుకోవాలి" అని పెట్టాను. అది ఎవరెవరి చేతులు మారిందో తెలియదు. పూడుకుపోయిన మోరీ గురించి ఉగాది నుంచి నేను ఇచ్చిన మూడు దరఖాస్తులకు ఉలుకూ పలుకూ లేని కార్యాలయం నుంచి, తెల్లారి పదకొండు గంటలకల్లా ఒక ఉద్యోగి బూట్లు ఒక చేత, ఫైలు మరొక చేత పట్టుకుని, ప్యాంటు మోకాళ్లపైకి మడిచి మా గుమ్మంలో నిలబడ్డాడు.

"బోటుకు పర్మిషన్ ఉన్నదా?"

"బట్టలు నానవెట్టే టబ్బు సార్ అది."

ఆయన నమ్మలేదు. టేపు తీయించి పొడవు, వెడల్పు, లోతు కొలిచాడు. ఎందరు పడతారని అడిగాడు. లోపల నానుతున్న మా అత్తగారి రెండు చీరలను చూపించాను. వాటిని కూడా రాసుకున్నాడు, ప్రయాణికులుగానో సరుకుగానో నాకు తెలియదు. సార్, మీరు నిలబడ్డది నీళ్లలోనే కదా, వాటి సంగతేమిటని అడిగితే, నీళ్లు వేరే సెక్షన్ అన్నాడు. ఫోటోకు మాత్రం టబ్బును మెట్ల మీద పొడి జాగాకు ఎక్కించమన్నాడు. చుక్క నీరు కనబడకుండా మూడుసార్లు కోణం మార్చి తీశాడు. అంతటి శ్రద్ధ మా మోరీ మీద ఒక్కసారి చూపి ఉంటే ఆయనకు ఈ ప్రయాసే ఉండేది కాదు.

చివరికి "విచారించగా పడవ లేదు" అని రాసి, నా పెన్నుతోనే నా సంతకం తీసుకున్నాడు. వెళ్లబోతూ నీళ్ల వైపు, చేతిలోని కొత్త బూట్ల వైపు చూసుకుని, టబ్బును జీపు దాకా తోసి పెడతారా అని మొహమాటంగా అడిగాడు. చీరలు తీసి పక్కన వేశాను. బూట్లు, ఫైలు, పడవ లేదన్న ఆ కాగితం, మూడూ టబ్బులో ఎక్కాయి. నేను నడుము వంచి తోస్తుంటే ఎదురింటి పిల్లలు వీడియో తీశారు.

టికెట్టు 50 రూపాయలు అడగమని నా భార్య లోపలి నుంచి కేక వేసింది. అడగలేదు.