పేరు విప్పి చూడు, నాటకం దేనికి?

‘కన్యాశుల్కం’లో పేర్ల వెనక దాగిన ప్రతీకల మీద నేను చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నాటకం చదవడానికి మాత్రం తీరిక దొరకలేదు. పాత్రల పట్టిక ముందే ఉంటుంది గనక పెద్దగా లోటు తెలియలేదు.

1897లో అచ్చయిన ఆ నాటకాన్ని గురజాడ 1909లో బాగా పెంచి మళ్లీ వేశారు. పేర్లలో అర్థాలు కూరడానికే ఆ పన్నెండేళ్లూ పట్టాయని నా సిద్ధాంతం. కాదన్నవాళ్లు రుజువు చూపించాలి.

లుబ్ధావధాన్లు దగ్గర ఆయన నా పొట్ట కొట్టారు. లుబ్ధుడంటే పిసినారి అని నిఘంటువే చెప్పేస్తే ఇక పరిశోధకుడు ఏం తిని బతకాలి? గిరీశం నయం. గిరీశుడంటే శివుడు, మన్మథుణ్ణి మూడోకంటి మంటతో కాల్చినవాడు. ఈయనగారి దగ్గర ఉన్న నిప్పంతా చుట్ట కొసనే. మన్మథుడి జోలికి పోలేదు సరికదా, ఆయనతో పొత్తు కలిపాడు. శిష్యుడేమో వెంకటేశం, అంటే విష్ణువు. హరిహరులు కలిసి చుట్ట కాల్చడమే అద్వైతమని ఇరవై పేజీలు రాశాను.

కరటకశాస్త్రి విషయంలో మాత్రం గురజాడ పొరబడ్డారు. పంచతంత్రంలో ఎత్తులు వేసే నక్క దమనకుడు. వద్దు, వద్దని మందలించేది కరటకుడు. ఇక్కడేమో శిష్యుడికి ఆడవేషం కట్టి ముసలి లుబ్ధావధాన్లుకిచ్చి పెళ్లి చేసేది కరటకుడే! ఇన్ని ముద్రణలొచ్చినా ఎవరూ దిద్దలేదంటే ఏమనాలి?

అన్నిటికన్నా నాకు పేరు తెచ్చింది అగ్నిహోత్రావధాన్లు. అగ్ని సరే, మరి జలం ఎక్కడ? తిండీ నిద్రా మానేసి వెతికాను. చివరికి నాటకం చదివిన కుర్రాడొకడు చెప్పాడు: ఆయన భార్య వెంకమ్మ నూతిలో దూకుతుందట. పంచభూతాల్లో రెండు దొరికాయని ఎగిరి గంతేశాను. గిరీశం ఉపన్యాసాలతో వాయువు కూడా వచ్చేసింది. ఆవిడ ఎందుకు దూకిందని ఆ కుర్రాడే అడిగాడు. చిన్నకూతుర్ని ముసలాయనకి అమ్ముతున్నారనట. అది కథ, నా సబ్జెక్టు కాదు.

సాని మధురవాణి మాట తీపిదనీ, ప్లీడరు సౌజన్యారావులో సౌజన్యం ఉందనీ ఒక్కో వాక్యంలో తేల్చేశాను. సానివాళ్లతో మాట్లాడనని ఆ ప్లీడరు పెట్టుకున్న నియమం ఆ సౌజన్యంలో ఎక్కడ ఇముడుతుందో నాకే అంతుపట్టక, దాన్ని ఫుట్‌నోట్లోకి తోశాను.

బుచ్చమ్మ, సుబ్బి అన్న పేర్ల దగ్గర మాత్రం చేతులెత్తేశాను. బుచ్చి అంటే చిన్నది. సుబ్బి అంటే సుబ్బి. విధవైపోయిన అక్క ఒకరు, ధర పలికిన చెల్లెలు ఒకరు. ప్రతీక లేదు, సంధి లేదు, సమాసం లేదు. ఈ ఇద్దరినీ తీసేసినా నా సిద్ధాంతానికి వచ్చే నష్టమేమీ లేదని ముందుమాటలో స్పష్టంగా రాశాను.

మొన్న ఇదంతా ఒక సభలో చదివాను. చప్పట్లు బాగానే పడ్డాయి. వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, “చీపురు పట్టుకుని గిరీశం మీదకి వచ్చిన పూటకూళ్లమ్మ అసలు పేరేమిటండీ?” అంది.

ఈలోగా వంటావిడ వచ్చి విస్తళ్లు వేశానంది. అందరం లేచాం.